బీడు కాగితంలో చరగ

మా నాన్న బంగారు గనిలో పనిచేశారు. ఉద్యోగమంతా భూమిని తవ్వడమే. నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు "ఏం పనే?" అని అడిగారు. "గుట్టలూ బీళ్లూ ఎవరూ తవ్వకుండా చూడటం నాన్నా" అన్నాను. ఆయన చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి, "దానికి జీతం కూడా ఇస్తారా?" అన్నారు. మొదటి జీతంతో పంచెల చాపు కొనిచ్చాక గానీ నమ్మలేదు. ఆ పంచె కట్టుకుని గని కాలనీ అంతా తిరిగి, మా విజయ ఎవరినీ పని చేయనివ్వకుండా ఉండే పనిలో చేరిందని అందరికీ చెప్పొచ్చారు.

రాయచూరు జిల్లాలో ఆ పనే చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి అనుభవాలు చెప్పమంటున్నారు. ప్రమోషన్లూ ఫైళ్లూ ఏ ఉద్యోగంలోనైనా ఒకటే కాబట్టి వాటి జోలికి పోను. ఒక గుట్ట గురించి చెప్తాను. ఆ గుట్ట సంగతి తెలిస్తే మా పని ముప్పాతిక తెలిసినట్టే.

మా పని ఏమిటంటే

ఈజ్‌మెంటు అనే మాట వినగానే బెదిరిపోకండి. మీ పొలానికి పోవడానికి పక్కవాళ్ల పొలంలో నుంచి బండి దారి ఉంటుంది చూశారా, ఆ దారి హక్కు ఈజ్‌మెంటే. భూమి వాళ్లది, నడిచే హక్కు మీది. మేం రాయించేదీ అలాంటిదే, కాకపోతే తిరగేసి రాస్తాం. భూమి యజమానిదే. పట్టా ఆయన పేరునే ఉంటుంది. మేపుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పిల్లలకు ఇచ్చుకోవచ్చు. దున్నడం, రాయి పేల్చడం, ఇళ్లు కట్టడం మాత్రం కుదరదు. భూమి చేతులు మారినా ఆ షరతు భూమితో పాటే పోతుంది. ఇందుకు మా సంస్థ కొంత పరిహారం ఇస్తుంది. అక్కడ బతికే జింకలూ తోడేళ్లూ తాబేళ్లూ అక్కడే బతుకుతాయి. దీనికి మా ఆఫీసు ఊపిరి తిప్పుకోలేనంత పొడుగు పేరు పెట్టింది. ఊళ్లలో 'బీడు కాగితం' అన్నారు. నేనూ అదే అన్నాను.

చట్టంలో ఒక మెలిక ఉంది. ఈ హక్కు ఊరికే గాలిలో నిలబడదు. ఫలానా పొలం మేలు కోసం, దాని పక్కనున్న ఫలానా భూమి మీద, అని రాయాలి. జింకల మేలు కోసం అని రాస్తే చెల్లదు, జింకలకు సర్వే నంబరు లేదు కదా. అందుకని ప్రతి బీడుకూ, అది బీడుగా ఉంటే బాగుపడే పొరుగు పొలం ఒకటి వెతకాలి. ఆ రైతు చేత కూడా సంతకం పెట్టించాలి. గట్టు దగ్గర ఎదురుపడితే మొహం తిప్పుకునే ఇద్దర్ని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టాలన్నమాట. చదువుల్లో దీన్ని ఎవరూ నేర్పరు. టీ తాగే ఓపిక ఉంటే చాలావరకు అదే వస్తుంది.

ఇంకొకటి కూడా ముందే చెప్తాను. ముదగల్ దగ్గర ఒక ఆసామి మాతో చాలా బాగా మాట్లాడాడు, అన్నిటికీ ఊ అన్నాడు, రెండుసార్లు భోజనం పెట్టాడు. తీరా చూస్తే ఆ భూమి అన్నదమ్ములందరి ఉమ్మడి, మిగతావాళ్లకు మా పేరే తెలియదు. ఆ పని అక్కడితో ఆగిపోయింది. మొదటి రోజే ఇంట్లో ఎవరెవరున్నారో అడగండి, పిట్టల గురించి తర్వాత మాట్లాడొచ్చు.

మాణిక్యమ్మ గుట్ట

రాయచూరు నుంచి కల్మల దాటి, లింగసుగూరు రోడ్డు మీద కొంతదూరం పోయాక ఎడమకు ఒక మట్టిదారి పడుతుంది. ఆ దారి చివర బండరాళ్ల గుట్ట, గుట్ట చుట్టూ గడ్డి బీడు, దాన్ని ఆనుకుని నల్లరేగడిలో జొన్నచేను. మూడూ మాణిక్యమ్మవే. భర్త పోయాక కూతురితో కలిసి సేద్యం చేసుకుంటోంది. మనిషి చిన్నది, గొంతు మాత్రం మూడు పొలాల అవతలికి వినబడుతుంది.

ఆ బీడులో కృష్ణజింకలు ఉండేవి. కన్నడంలో వాటిని చిగరి అంటారు. మాణిక్యమ్మ ఇంట్లో తెలుగే మాట్లాడినా ఆమెకూ అవి చిగర్లే. ఆడవి ఈనే వేళకు ఆ గడ్డిలోకే వచ్చి పిల్లల్ని దాచేవి. గుట్ట మీద కంకర క్వారీ ఏజెంటు కన్ను పడింది. తెల్ల చొక్కా, తెల్ల జీపు. ప్రతి ఆదివారం వచ్చేవాడు.

నన్ను పిలిపించింది మాణిక్యమ్మే. మంచం మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, నేరుగా విషయంలోకి వచ్చింది.

"నన్ను అడుగుడు బందు గావాలె, విజయమ్మా. సంతకు పోయినట్టు ఆదివారం ఆదివారం మా ఇంటికొస్తడు. గుట్ట పేలిస్తే దుమ్మంత నా జొన్న మీద. మేకలకు జాగ ఉండదు. చిగరి పిల్లలు ఏడ పండుకోవాలె? నేనున్నన్ని దినాలు నన్ను అడుగుతడు, నేను పోయినంక నా బిడ్డను అడుగుతడు. ఇగ ఎవ్వరిని ఎవ్వరు అడగకుండ ఒక కాగితం రాసియ్యి."

మా సంస్థ ఆశయాలు అచ్చేసిన పుస్తకం ఒకటి ఉండేది. అందులో ఇంత స్పష్టంగా ఎక్కడా లేదు.

సరే, మేలు పొందే పొలం కావాలి. గుట్ట కిందే వెంకట్రావు గారి పొలం ఉంది. కోస్తా నుంచి వలస వచ్చిన రైతులు సింధనూరు వైపు కట్టుకున్న క్యాంపులో పెరిగిన ఆయన. ఇక్కడ పొలం కొని, బావి బాగు చేయించి, మిరపా శనగా వేస్తున్నారు. గుట్ట మీద పడిన వాన బీడులో ఇంకి ఆయన బావిలోకే దిగుతుంది. క్వారీ వాళ్లు లోతుకు పోతే ఆ ఊట పోతుంది. చట్టానికి ఇంతకంటే చక్కని పొరుగు దొరకదు. చిక్కల్లా ఒకటే. జిల్లా మొత్తంలో చిగర్ల మీద ఆయనకున్నంత కోపం ఇంకెవరికీ లేదు.

"రాత్రికి రాత్రే వచ్చి శనగంతా మేసేసి పోతన్నాయండీ మేడమ్ గారూ! మళ్లీ వాటికోసం నేను సంతకం పెట్టాలాండీ?"

"వాటికోసం కాదండీ, మీ బావికోసం" అన్నాను.

ఆయన బావి దగ్గరకు పోయి, తొంగి చూసి, చాలాసేపటికి తిరిగొచ్చారు.

"బావికోసమే పెడతన్నానండీ. జింకల కోసం పెట్టానని మాత్రం ఎక్కడా రాయకండి."

రాయనని మాటిచ్చాను. ఇప్పుడు రాస్తున్నానని తెలిస్తే నవ్వుతారే గానీ ఏమీ అనుకోరు.

మంచు బండ్ల నిషేధం

మా పెద్దసారు బెంగళూరులో పేరున్న వకీలు. మంచి మనిషి, గొప్ప తెలివి, మొండితనమూ అదే స్థాయిలో ఉండేది. ఇలాంటి ఒప్పందాలు విదేశాల్లో ఎప్పటినుంచో ఉన్నాయని అక్కడి నమూనా ఒకటి తెప్పించి, దాన్ని దగ్గర పెట్టుకుని మాది రాశారు. చిత్తుప్రతి నాకొచ్చింది. పన్నెండో పేజీలోనో ఎక్కడో, ఈ భూమి మీద మంచులో నడిచే మోటారు బండ్లు నిషిద్ధం అని ఉంది. రాయచూరులో! ఏప్రిల్‌లో చెప్పు లేకుండా గడప దాటలేని ఊళ్లో! నేను ఆఫీసులో పడీపడీ నవ్వాను. ఆ పేజీ చూపిస్తే పెద్దసారూ నవ్వి కొట్టేశారు.

ఆ నవ్వులో పడి దాని కింది వాక్యాన్ని ఇద్దరం వదిలేశాం. అడవి జంతువులకు గానీ పక్షులకు గానీ ఆహారం పెట్టరాదు, నేల మీద ఆహారం వేయరాదు. చదివితే మంచి మాటే. జంతువులకు తిండి అలవాటు చేస్తే పాడవుతాయని మేమంతా చదువుకున్నాం.

రిజిస్ట్రేషనుకు ముందు కాగితం మొత్తం యజమానికి ఆమె భాషలో చదివి వినిపించాలనేది నా నియమం. ఎవరు ఎంత తొందరపెట్టినా నేను దాన్ని వదల్లేదు, మీరూ వదలకండి. రాయచూరు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో మాణిక్యమ్మ, ఆమె కూతురు, వెంకట్రావు గారు బెంచీ మీద కూర్చున్నారు. పెద్దసారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. నేను చదువుతున్నాను. ఆహారం వేయరాదు అన్నచోట మాణిక్యమ్మ చెయ్యెత్తింది.

"ఆగాగు. మరి చరగ?"

పెద్దసారు నా వైపు చూశారు. ఈ జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, ఆ మాట నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. చలికాలంలో, జొన్న పొట్ట మీదున్న రోజుల్లో ఎళ్ళమావాస్య వస్తుంది. ఆ రోజు ఇక్కడి రైతులు ఇంటిల్లిపాదీ గంపలతో పొలానికి పోతారు. సజ్జరొట్టెలు, నువ్వులపొడి కూరిన వంకాయ, పుండికూర అనే గోంగూర పప్పు, అన్నం, ఆవిరి మీద ఉడికించిన కడుబులు. పొలంలో పూజ చేసి, అన్నీ కలిపి పిడికిళ్లతో హద్దుల వెంట చల్లుకుంటూ చుట్టి వస్తారు. అదే చరగ. భూమికీ, దాని మీద బతికే ప్రతిదానికీ ఆ పూట భోజనం. ఆ తర్వాతే మనుషులు తింటారు.

"చరగ పొలంలో చల్లుకో మాణిక్యమ్మా, బీడులో వద్దు" అన్నారు పెద్దసారు, చాలా మర్యాదగానే.

"జొన్నకు పెట్టి గుట్టకు పెట్టకుంటే ఎట్ల సారూ? ఒక పంక్తిల ఒకరికి వడ్డిచ్చి ఒకరికి ఇస్తరి ఎత్తేస్తమా? మా అత్త చల్లింది, ఆమె అత్త చల్లింది. గుట్టను కాపాడుతమని చెప్పి గుట్టను పస్తు పెట్టుమంటున్రా?"

"అది నిబంధన అమ్మా."

"అయితే గా కాగితం నాకొద్దు" అని కొంగు దోపుకుని లేచింది. కూతురు చేయి పట్టుకుని మెట్లు దిగి బస్టాండు దారి పట్టింది. వెంకట్రావు గారు బెంచీ మీద ఒక్కరే మిగిలారు.

"నేనూ లేవనాండీ?" అని అడిగారు.

ఆ ఆదివారం తెల్ల జీపు మాణిక్యమ్మ ఇంటి ముందు పొద్దున్నించి సాయంత్రం దాకా ఉందని కబురొచ్చింది. ఎంతో కష్టపడి తెచ్చిన ఒప్పందం పోతోందని కొంత బాధ. మాణిక్యమ్మ మమ్మల్ని కూడా ఆ జీపు మనిషి లెక్కలోనే కట్టేసిందేమోనని అంతకంటే ఎక్కువ బాధ.

పెద్దసారు భోజనం

బాసులను తిట్టుకోవడం ఉద్యోగంలో భాగమే, నేనూ తక్కువ తిట్టలేదు. కానీ పెద్దసారులో ఒక గుణం ఉండేది. చూడని దాని గురించి వాదించరు. "ఎళ్ళమావాస్య వచ్చేవారమే సార్. మీరొకసారి వచ్చి చూసి, ఆ తర్వాత వద్దనండి" అన్నాను. వచ్చారు, ఇస్త్రీ ప్యాంటుతో, బూట్లతో.

మాణిక్యమ్మ మమ్మల్ని చూసి రావద్దనలేదు, రమ్మననూ లేదు. గంప నెత్తికెత్తుకుని నడిచింది. వెనక కూతురు, ఆ వెనక మేం. జొన్నచేను చుట్టి, ఆగకుండా బీడులోకి దిగింది. ప్రతి హద్దురాయి దగ్గరా నిలబడి ఒక పిడికిలి, రాయికీ రాయికీ మధ్య పిడికిళ్లు. ఒకచోట రాయి పక్కకు ఒరిగి ఉంటే ఆగి, కూతురి చేత సరి చేయించి మరీ కదిలింది. ఇంకోచోట గడ్డిలో కొత్తగా జీపు టైర్ల జాడ కనబడింది. క్వారీ ఏజెంటును మూడు పొలాల అవతలికి వినబడేలా నాలుగు తిట్లు తిట్టింది. దూరంగా చిగర్లు తలలెత్తి చూసి, మళ్లీ మేతలో పడ్డాయి. నిజం చెప్పాలంటే చరగను చిగర్లు తినడం నేనెప్పుడూ చూడలేదు. పిట్టలూ చీమలూ ఉడతలూ తింటాయి. ఏడాదికొక పిడికిలితో ఏ ప్రాణికీ అలవాటు పాడవదు.

పెద్దసారు మొదటి రాయి దగ్గర ముక్కు చిట్లించారు, గుట్ట వెనక్కి వెళ్లేసరికి హద్దురాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మా ఒప్పందంలో ఇంకో షరతు ఉంది. ఏటా ఒకసారి మా మనిషి వెళ్లి హద్దులన్నీ నడిచి, ఎక్కడ ఏం మారిందో చూసి రావాలి. ఆ పని ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు అని మేం నెలల తరబడి మీటింగులు పెట్టుకున్నాం. ఆ పనే ఇక్కడ మా కళ్లముందు జరుగుతోంది, గంపతో సహా.

తర్వాత భోజనాలు. పెద్దసారు వద్దు వద్దంటూనే వంకాయ మూడుసార్లు వడ్డించుకున్నారు. "సాకా సారూ?" అని మాణిక్యమ్మ కన్నడం కలిపి, ఇక చాలా అని అడిగితే, "ఇంకొక్కటి" అన్నారు. చెట్టు నీడలో బూట్లు విప్పి ఒక కునుకు తీసి, లేచి నా చేతిలో కాగితం లాక్కున్నారు. ఆహారం వేయరాదన్న వాక్యం కొట్టేసి, దాని చోట తన చేత్తో రాశారు. ఏటా ఎళ్ళమావాస్య నాడు యజమాని కుటుంబం చరగ చల్లుతూ హద్దులన్నీ చుట్టి రావలెను. మేలు పొందే పొలం యజమాని కూడా వెంట నడవవలెను. సంస్థ ప్రతినిధి హద్దులు మాత్రమే చూడవలెను, మరే పనిలోనూ చేయి పెట్టరాదు.

"ఆ చివరిది ఎందుకు సార్?" అన్నాను.

"సాక్షి సాక్షిగానే ఉండాలి విజయా. రేపు కోర్టులో ఎవరైనా అడిగితే నువ్వు చూశావనే చెప్పాలి" అన్నారు. వకీలు బుద్ధి ఎక్కడికి పోతుంది! నేను మాణిక్యమ్మకు కొత్త వాక్యం చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. విని, "గిట్ల రాస్తె ఎవరొద్దన్నరు?" అని గంపలో అడుగున మిగిలిన కడుబు నా చేతిలో పెట్టింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వారంలోనే రిజిస్ట్రేషన్ అయిపోయింది.

నమూనాలు వాడండి, తప్పులేదు. కానీ ప్రతి వాక్యాన్నీ ఆ భూమి మీద నిలబడి ఒకసారి చదవండి. నవ్వొచ్చే వాక్యం దానంతటదే దొరికిపోతుంది. బుద్ధిగా కనబడే వాక్యం దగ్గరే జాగ్రత్తగా ఉండాలి.

వెంకట్రావు గారి సంతకం

ఈ హక్కుకు ఒక బలహీనత ఉంది, అదీ తెలుసుకోండి. మేలు పొందే పొలం యజమాని నాకీ హక్కు వద్దని రాసిస్తే అది పోతుంది. గుట్ట మాణిక్యమ్మదే అయినా, ఆదివారం ఆదివారం వచ్చి అడగడం మళ్లీ మొదలవుతుంది, ఆమె తర్వాత కూతుర్నీ వదలరు. పెద్దసారు ఈ మాట చెప్పినప్పటి నుంచి నాకు వెంకట్రావు గారు గుర్తొస్తే చాలు, గుండెలో రాయి పడేది.

మొదటి ఏడు ఆయన సణుక్కుంటూ వచ్చారు. "నా శనగ తిన్నది చాలక ఇంకా అన్నం కూడానాండీ?" అంటూ చేతులు వెనక్కి కట్టుకుని నడిచారు. మాణిక్యమ్మ ఊరుకుంటుందా, రెండో గంప ఆయన చేతిలో పెట్టింది. "రావుగారూ, ఉత్తగ నడుస్తే కాళ్లు నొస్తయి. చల్లుకుంట రాండ్రి." ఆ తర్వాతి ఏళ్లలో గంప ఆయనే అడిగి తీసుకునేవారు. ఒకసారి గడ్డిలో ముడుచుకు పడుకున్న చిగరి పిల్ల మీద ఆయన పిడికిలి పడబోయింది. నిలబడిపోయి, మాకందరికీ చేత్తో ఆగమని సైగ చేసి, చుట్టు తిరిగి పోయారు. దాని గురించి తర్వాత ఒక్క ముక్క మాట్లాడలేదు. శనగ చుట్టూ కంచె మాత్రం ఇంకొంచెం ఎత్తు కట్టుకున్నారు.

నేను రిటైరయ్యే ముందు ఏడు ఎళ్ళమావాస్య నాడు అందరం చెట్టు కింద తింటున్నాం. తెల్ల జీపు వచ్చి ఆగింది. ఏజెంటుకు ఆ బలహీనత సంగతి ఎవరో వకీలు చెప్పినట్టున్నారు. వెంకట్రావు గారిని పక్కకు రమ్మన్నాడు. ఆయన ఇక్కడే చెప్పమన్నారు.

"ఏం లేదు సార్, ఒక సంతకం. ఈ హక్కు నాకొద్దని. బావి ఫికర్ మీకొద్దు, నేను బోరు వేపిస్త, పైపులైన్ గూడ వేపిస్త. చిగర్ల పీడ గూడ పోతది."

నా చేతిలో రొట్టె చేతిలోనే ఉంది. సంతకం బావికోసమేనని నాతో మాట తీసుకున్న మనిషి ఈయన. ఇప్పుడు బావికి బదులు దొరికింది. చిగర్లు పోతే శనగ మిగులుతుంది. వద్దనడానికి ఆయనకు కారణం ఏముంది? మాణిక్యమ్మ గుట్ట వైపు ఒకసారి చూసింది. ఆమె నోరు మూసుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఇంకో రొట్టె తీసి వెంకట్రావు గారి ఆకులో వేసింది.

ఆయన ఆ రొట్టె తుంచి, వంకాయలో అద్ది, తిని, అప్పుడు తలెత్తారు.

"ఏమయ్యా, పొద్దున్న నేనేం చేశానో తెలుసా? ఈ గుట్ట చుట్టూ తిరిగి, వచ్చి తినండని అన్నం చల్లొచ్చాను. ఏళ్ల తరబడి అదే చేస్తన్నాను. భోజనానికి పిలిచినోళ్ల కొంప సాయంత్రానికి పడగొట్టమంటే ఎట్టాగయ్యా? నా వల్ల కాదు. కూర్చో, నువ్వూ తిందువు గానీ."

ఏజెంటు నిలబడే ఉన్నాడు. మాణిక్యమ్మ ఆకు పరిచింది. అతను కాసేపు జీపు వైపు చూసి, చెప్పులు విడిచి కూర్చున్నాడు. కడుపునిండా తిన్నాడు, వంకాయ బాగుందన్నాడు, నమస్కారం పెట్టి వెళ్లాడు. ఆ తర్వాత ఆ జీపు మళ్లీ రాలేదు. నాకు మాత్రం వెంకట్రావు గారిని కౌగిలించుకోవాలనిపించింది. సాక్షిని కదా, ఊరుకున్నాను.

చట్టం బలహీనంగా ఉన్నచోట ఏం పెట్టాలని కొత్తవాళ్లు అడుగుతుంటారు. మరో షరతు పెట్టమని నేను చెప్పను. ఆ ఇద్దరూ ఏటా కలిసి నడిచే ఏర్పాటేదైనా ఉందేమో వెతకండి.

రిటైరయ్యాక వచ్చిన మొదటి ఎళ్ళమావాస్యకు నేను పోదామా వద్దా అనుకుంటుండగానే మాణిక్యమ్మ ఫోన్ చేసి కేకలేసింది. వెళ్లాను. నా స్థానంలో చేరిన అమ్మాయి హద్దుల పటం పట్టుకుని, నేను నేర్పినట్టే ఏదీ ముట్టుకోకుండా నడుస్తోంది. నేనూ అలవాటు కొద్దీ చేతులు కట్టుకునే బయల్దేరాను. మొదటి రాయి దగ్గర మాణిక్యమ్మ ఆగింది. మోకాళ్లు సహకరించక ఆ ఏడు కర్రతో నడుస్తోంది. గంప దించి నా ముందుకు తోసింది.

"ఇగ నువ్వు ఆఫీసరమ్మవు గావు గదా. చేతులు కట్టుకొని ఏం నడుస్తవు? పట్టు."

ఇన్నేళ్లూ ఆ గంప వెనకే నడిచాను, ఒక్కసారీ అందులో చేయి పెట్టలేదు. లోపల అన్నం ఇంకా వెచ్చగానే ఉంది. పిడికిలి నింపుకుని విసిరాను. నా కాళ్ల దగ్గరే పడింది.

"అంత దగ్గరేస్తే ఎవరు తింటారండీ మేడమ్ గారూ!" అని వెంకట్రావు గారు వెనక నుంచి నవ్వారు. "దూరంగా విసరండి, గుట్ట దాకా పోవాలి."

బీడులో చిగర్లు తలలెత్తి చూస్తున్నాయి. రెండో పిడికిలి దూరంగా విసిరాను.